మా నాయన నిద్రను నేసిన ఏడాది

ఇప్పుడంటే మా ఇంట్లో మిక్సీ ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరుగుతోంది, టీవీ దాని ఇష్టం వచ్చినట్టు అరుస్తోంది, తుమ్ము వచ్చినవాళ్ళు వచ్చినచోటే ధైర్యంగా తుమ్ముతున్నారు. నేను తిరుపతిలో టెక్స్‌టైల్ డిజైన్ డిప్లొమా చదివిన ఆ రోజుల్లో మాకీ స్వేచ్ఛ లేదు. పగటిపూట తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తి, అక్కడ తుమ్మేసి, ఏమీ ఎరగనట్టు లోపలికి రావాలి. కారణం మా నాయన. ఆయనది కొండమీద ఉద్యోగం, యాత్రికులకు గదులు ఇచ్చే చోట రాత్రి డ్యూటీ. లోకమంతా పడుకున్నాక ఆయన మేలుకుని, తనకు తెలిసిన భాషలన్నిటిలోనూ 'గదులు లేవు, కాసేపు కూర్చోండి' అని చెప్పి చెప్పి, తెల్లవారాక ఘాట్ రోడ్డు బస్సులో తూగుతూ దిగి వచ్చి, ఇంత ఉప్మా తిని, నడిమింట్లో చాప పరిచి పడుకునేవాడు. మా ఇల్లు రైలుపెట్టెలాగా ముందొక గది, నడుమ ఒక గది, వెనక వంటిల్లు. ఎటు పోవాలన్నా నాయన్ను చుట్టుకుని పోవాలి. కుక్కర్ కూతకు వచ్చే సమయానికి అమ్మ గరిటెతో దాని తలకాయ పైకెత్తి, ఆవిరిని బుజ్జగించి నెమ్మదిగా వదిలేది. పోపులో ఆవాలు చిటపటలాడతాయని బాణలి మీద మూతపెట్టి, ఆ మూతను చేత్తో అదిమి పట్టుకునేది. అమ్మా నేనూ పొద్దున్నుంచీ సాయంత్రం దాకా సైగలతోనే బతికాం. (కొత్తగా మా వీధికి వచ్చినవాళ్ళు మాకిద్దరికీ మాటలు రావేమోనని జాలిపడేవాళ్ళు.)

అలాంటి ఇంట్లో పుట్టి, ఇంటర్ అయిపోగానే నేను బట్టల డిజైన్ చదువుతానని పట్టుబట్టాను. సైగలతో తేలే విషయం కాదు గనక నాయన లేచి కాఫీ తాగేదాకా ఆగి మరీ చెప్పాను. మా వైపు వాళ్ళంతా అయితే టీచర్లు, లేకపోతే కొండమీద ఆఫీసుల్లో గుమాస్తాలు. నాయన గ్లాసు కింద పెట్టి, "గుడ్డ నేసేదానికి కాలేజీ ఏంది పాపా? నగరిలో యాడ సూసినా మగ్గాలే గదా. ఆ ఇండ్లల్లో పుట్టిన పిల్లోళ్ళే ఇంకో పని సూసుకుంటా ఉండారు. నువ్వు పోయి ఆడ కూర్సుంటావా?" అన్నాడు. నేను రెండు రోజులు అన్నం మానేశాను. (అమ్మ వంటింట్లో చాటుగా దోసెలు పెట్టేది. అది నాయనకు తెలుసని నాకు తర్వాత తెలిసింది.) ఆఖరుకు ఆయనే దిగివచ్చాడు. "సరే, ఒక్క ఏడు సదువు. ఏడాది ఆఖర్లో పిల్లోళ్ళు జేసిండేవన్నీ గోడలకు తగిలించి సూపిస్తారంట గదా. నేనొచ్చి నా కండ్లతో సూస్తా. నా కంటికి ఆనిందా, మళ్ళా ఏడు పో. ల్యాకుంటే బుద్ధిగా డిగ్రీలో చేరి, బీఈడీ చెయ్యి. అంతే." పగలు మా నాయన కళ్ళు తెరిపించడం ఎంత కష్టమో తెలిసి కూడా, ఆ కళ్ళకు ఆనే పని చేస్తానని నేను ఒప్పుకున్నాను. బీఈడీ తప్పించుకోవాలన్న ఒక్క ఆశతో ఏ షరతుకైనా ఒప్పుకునే స్థితిలో ఉన్నాను. (ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం కూడా పాఠాలు చెప్పడమే. ఆ సంగతి ఇక్కడ వదిలేద్దాం.)

మాది చిన్న కాలేజీ. డ్రాయింగూ, అల్లికా, నేతా మూడూ ఒకే సారు చెప్పేవారు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక రబ్బరు ఉండేది. మా బొమ్మలను దిద్దడం కన్నా చెరపడమే తేలికని ఆయన మొదటి వారంలోనే గ్రహించారు కాబట్టి, మేం ఆయన్ని రబ్బరు సారు అని పిలుచుకునేవాళ్ళం. ఆయన పద్ధతి వేరే ఎక్కడా నేను చూడలేదు. క్లాసుకు వచ్చిన మొదటిరోజే చెప్పేశారు. "మీ ఇంట్లోనుంచి ఒక్కటంటే ఒక్కటి ఎంచుకోండి. ఏడాదంతా దాన్ని ఇడిసిపెట్టేది లేదు. ముందు దాన్ని గీయాల. ఆమైన దానికోసరం ఏమన్నా అల్లాల. ఆఖర్న దాన్ని మగ్గం మింద నేయాల. నడాన విసుగుబుట్టె, మారుస్తాం సార్ అంటే నేను ఒప్పుకోను. ఫోన్లో ఫోటో దీసి, దాన్ని సూసి గీసినారో, ఆ కాయితం సించేస్తా."

చిత్తూరు నుంచి వచ్చే అమ్మాయి మామిడికాయ అంది, వాళ్ళకు తోటలున్నాయి. ఇంకో అమ్మాయి నెమలి అంది. "మీ ఇంట్లో నెమలి యాడిదమ్మా?" అని సారు అడిగితే క్యాలెండర్లో ఉంది సార్ అంది. నా పక్కన కూర్చునే నగరి పిల్ల నీళ్ళబిందె అంది. నా వంతు వచ్చేసరికి బుర్రలో ఏమీ లేదు. మా ఇల్లంతా మనసులోనే వెతికాను. కదలకుండా ఉండేది ఒక్కటే కనబడింది. "మా నాయన సార్," అన్నాను. "ఏం జేస్తాడు?" అన్నారు సారు. "నిద్రపోతాడు సార్," అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వింది. నేను నవ్వించడానికి చెప్పలేదు, ఉన్నమాటే చెప్పాను. సారు మాత్రం నవ్వకుండా రాసుకున్నారు. ఆయన ఒకసారి రాసుకున్నారంటే ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా మార్చరు. అలా నా బీఈడీ భవిష్యత్తంతా మా నాయన నిద్ర మీద ఆధారపడింది.

నాకు బొమ్మలు బాగా వచ్చని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం చుక్కలముగ్గులు. ధనుర్మాసంలో మా వాకిట్లో నేను వేసే ముగ్గును తొక్కకుండా పాలవాడు సైకిలు దిగి నడిచేవాడు. ఆ ముగ్గుల చెయ్యే నా కొంప ముంచింది. మర్నాడు నడిమింటి గడప మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, అలవాటు కొద్దీ ముందు కాగితం నిండా వరసగా చుక్కలు పెట్టాను. ఆ తర్వాత ఆ చుక్కల మీదుగా మా నాయన్ను లాగాను. ముగ్గన్నాక ఎడమపక్క ఎట్లా ఉంటే కుడిపక్కా అట్లాగే ఉండాలి గదా. చెయ్యి దానంతట అదే తిరిగిపోయింది. అయిపోయాక చూసుకుంటే నాయనకు అటొక తల, ఇటొక తల, నడుమ గుండ్రంగా ఒక పొట్ట, దాని చుట్టూ మెలికలు తిరిగి ఒకదాంట్లో ఒకటి దూరిన కాళ్ళూ చేతులూ వచ్చాయి. సారు ఆ కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూశారు. ఎటు తిప్పినా ఒకే మాదిరి ఉంది. "దీన్ని వాకిట్లో ఏసి నడాన గొబ్బెమ్మను పెడితే బాగుంటాది," అన్నారు. నేను మెచ్చుకోలు అనుకున్నాను. ఆయన రబ్బరు తీసి, గీతల జోలికి పోకుండా, ఓపిగ్గా చుక్కలన్నీ చెరిపారు. "ఇంకొక్క చుక్క కనబడిందంటే నువ్వు క్లాసుకు రాబాకు," అన్నారు.

చుక్కల్లేని తెల్లకాగితం ముందు కూర్చుంటే ఎంత దిక్కుతోచదో ముగ్గులు వేసే ఆడవాళ్ళకు తప్ప వేరేవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తిప్పాలి, ఎక్కడ ఆపాలి, అడిగేందుకు ఒక చుక్క కూడా లేదు. గీసేది, సారుకు చూపించేది, సారు చెరిపేది. నా పుస్తకంలో కాగితాలు చెరిపి చెరిపి వడియాల గుడ్డలాగా పలచబడ్డాయి. నాకు చేతకాదు, నేను దేనికీ పనికిరాను అని రోజూ కాలేజీ నుంచి బస్టాండు దాకా అనుకుంటూ నడిచేదాన్ని. గీయడం రాక, వేరే పని లేక, ఊరికే గడపలో కూర్చుని నాయన్ను చూస్తుండేదాన్ని. ఆయన పచ్చదుప్పటి మెడదాకా కప్పుకుని పక్కకు తిరిగి పడుకునేవాడు. వెలుతురు పడకుండా కళ్ళమీద తెల్ల తువ్వాలు. ఉండుండి నిద్రలోనే తమిళంలో ఎవరికో సర్ది చెప్పేవాడు. ఒకసారి హిందీలో బతిమాలాడు. చెయ్యి లేపి ఎవరినో లైన్లో వెనక్కి పొమ్మన్నాడు. మొదట నాకు నవ్వొచ్చింది. రోజులు గడిచేకొద్దీ నవ్వు పోయింది. ఇంటికి వచ్చినా, కళ్ళు మూసుకున్నా ఆయన డ్యూటీ దిగలేదు. నాయన అలసిపోయి ఉన్నాడని, అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా, నాకు అప్పుడే తెలిసింది. చాలా బాధ వేసింది. ఆ రోజు గీసిన బొమ్మను సారు చేతిలోకి తీసుకుని, రబ్బరు పక్కన పెట్టేశారు. "బాగుండాదా సార్?" అన్నాను ఆశగా. "బాగుండాదని ఎవురన్నారు? సెరిపేదానికి మనసు రాలే, అంతే," అన్నారు. ఏడాది మొత్తంలో నాకు దక్కిన ప్రశంస అదొక్కటే.

ఆ తర్వాత అల్లిక వచ్చింది. తిరుపతి ఎండలో ఉన్ని అల్లడమంటే వేళ్ళ చెమటకు సూదులు జారడం, ఒళ్ళో ఉన్ని పొయ్యిలాగా వెచ్చగా కూర్చోవడం. మా రబ్బరు సారు మాత్రం పెద్ద మీసాలతో, ఫ్యాను కింద, మాతో మాట్లాడుతూనే చూడకుండా అల్లేవారు. నేను నాయనకోసం చెవులు మూసే టోపీ అల్లుదామనుకున్నాను. ధనుర్మాసంలో కొండమీద చలి ఎముకలు కొరుకుతుంది, ఆయన పాత మఫ్లరుతో నెట్టుకొస్తున్నాడు. ఏడాదికోసారి తలనీలాలు ఇవ్వడం నాయన మొక్కు. సరిగ్గా ఆ వారమే గుండు చేయించుకుని వచ్చి పడుకున్నాడు. ఇంతకన్నా మంచి అదను ఏముంటుందని, టేపు తీసుకుని, ఊపిరి బిగపట్టి, నిద్రలో ఉన్న నున్నటి తలకు కొలత తీశాను. అక్కడే నా తెలివి ఆగిపోయింది. నేను అల్లే వేగం గురించి గానీ, మా నాయన జుట్టు పెరిగే వేగం గురించి గానీ ఆలోచించలేదు. అల్లిన దానికన్నా విప్పింది ఎక్కువ. దిగులు పుట్టినప్పుడల్లా చెయ్యి బిగుసుకుపోయి కుట్లు ఇంకా దగ్గరపడేవి, నాకు దిగులు లేని రోజు లేదు. చలి ముదిరేసరికి టోపీ తయారైంది. అప్పటికి నాయన తలమీద జుట్టు మళ్ళీ చీపురుకట్టలాగా నిక్కబొడుచుకుని ఉంది.

అమ్మా నేనూ చెరోవైపు పట్టుకుని లాగాం. చెవులదాకా ఎందుకు, నెత్తి దిగితే ఒట్టు. నాయన అద్దంలో చూసుకుని, "ఏమో పాపా, సెంబు మింద మూత మాదిరి ఉండాది," అన్నాడు. నా ముఖం చూసి మళ్ళీ తనే, "అయినా వెచ్చంగానే ఉండాదిలే," అని దాన్ని అట్లాగే నడినెత్తిన పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాడు. బస్సులో ఎవరో పెద్దాయన చేతులు జోడించి, తమరిది ఏ మఠం అని అడిగాడట. మర్నాటి నుంచి నాయన మళ్ళీ మఫ్లరుకే వచ్చాడు. టోపీని అమ్మ పెరుగు గిన్నెకు తొడిగింది. చలికాలంలో ఎప్పుడూ తోడుకోని పెరుగు ఆ ఏడు కత్తితో కోసేంత గట్టిగా తోడుకుంది. వీధిలో అమ్మలక్కలు వచ్చి చూసి, మాకొకటి అల్లిపెట్టమ్మా అని గిన్నెల కొలతలు ఇచ్చిపోయారు. కళాకారిణిని కావాలనుకున్న నాకు అంతకంటే అవమానం ఏముంటుంది. ఆ సాయంత్రం నాయన కాఫీ తాగుతూ, "ఇంక నేత ఒకటే గదా మిగిలుండేది. డిగ్రీ సీట్లు ఎప్పుడిస్తారో కనుక్కోమంటావా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. నేను స్నానాల గదిలోకి పోయి చప్పుడు కాకుండా ఏడ్చాను. మా ఇంట్లో ఏడ్చినా చప్పుడు కాకూడదు.

మగ్గం దగ్గర అసలు కథ మొదలైంది. నిలువుగా బిగించిన పోగులు పడుగు, అడ్డంగా పోయేది పేక అని అందరికీ తెలిసిందే. పేక ఒక వరస వేసిన ప్రతిసారీ దువ్వెనలాంటి చట్రాన్ని మనవైపు లాగి ధన్ మని కొట్టాలి. అప్పుడే పోగులు ఒకదానికొకటి ఆనుకుని గుడ్డ గట్టిపడుతుంది. నా పక్క మగ్గం మీద నగరి పిల్ల కొడుతుంటే కిటికీ తలుపులు అదిరేవి. నేను చట్రం పట్టుకుని లాగబోయేసరికి మా నడిమిల్లు గుర్తొచ్చి చెయ్యి దానంతటదే నెమ్మదించేది. తలుపు చేరవేసినట్టు మెల్లగా ఆనించి వదిలేదాన్ని. "కొట్టు! గట్టిగా కొట్టు!" అని సారు వెనకనుంచి అరిచేవారు. "ఎందుకు కొట్టవు? సెయ్యి నొప్పా?" అనేవారు. తల వంచుకుని ఇంకో పోగు వేసేదాన్ని. నగరి పిల్లకు నన్ను చూస్తే విచిత్రం. "మా ఇంట్లో మగ్గాలు ఆడతా ఉంటేనే మా నాయన పండుకుంటాడు. కరెంటు పోయి ఆగిపోయిందా, ఉలిక్కిపడి లేస్తాడు," అనేది. నేను మాత్రం ఎంత గట్టిగా కొడదామని నిశ్చయించుకుని వెళ్ళినా, రెండు ధన్‌లు కొట్టి మూడోదానికి మళ్ళీ పిల్లిలాగా తయారయ్యేదాన్ని. పైగా నేస్తున్నదే నిద్రపోతున్న నాయన్ను. ఆయన పొట్టమీద చట్రం వేసి బాదడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. కాగితం మీద నేను వేసుకున్న బొమ్మ లెక్క గట్టిగా కొట్టిన గుడ్డకు సరిపోయేది. మెల్లగా కొడితే వరసల నడుమ సందు మిగిలి బొమ్మ పైకి సాగిపోతుంది. కానీ నేసింది నేసినట్టు ముందున్న కర్రకు చుట్టుకుపోతుంది కాబట్టి, కంటికి ఎప్పుడూ జానెడు గుడ్డే కనబడుతుంది. ఆ జానెడు ముక్కలో మా నాయన పచ్చదుప్పటి ముద్దుగానే కనిపించేది. ప్రదర్శనకు ముందురోజు గుడ్డను మగ్గం మీదనుంచి కోసి, బల్లమీద పరిచాం. చాపమీద హాయిగా పడుకున్న మా నాయన ఆకాశానికి లేచిపోయాడు. పాదాలు ఒక గుట్ట, మోకాళ్ళు ఇంకో గుట్ట, తుంటి, పొట్ట, మోచెయ్యి, భుజం, తల, అన్నీ ఒకదాని పక్కన ఒకటి పచ్చగా, నిటారుగా, కొనదేలి నిలబడ్డాయి. కళ్ళమీది తెల్ల తువ్వాలు అన్నిటికన్నా పైన ఎక్కడో ఉంది. నగరి పిల్ల తల పక్కకు వంచి చూసి, "మీ నాయనకు ఏమన్నా అయిందా?" అంది. నేను నేలమీద కూలబడ్డాను. సార్, నాకు ఇంకో వారం ఇప్పించండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "ఉండేది ఉండేట్టు తగిలించు. నేసింది నువ్వే గదా," అన్నారు సారు. ఆ మాటకు నాకు ఉన్న కాస్త ఆశా పోయింది. ఇంటికి పోయి అమ్మతో బీఈడీ చేస్తానని సైగ చేశాను.

ప్రదర్శన రోజు పొద్దున్నే అమ్మ మా పక్కింటి అవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అవ్వ మామిడికాయను చూసింది, నెమలిని చూసింది, నీళ్ళబిందె దగ్గర ఆగి బిందె ఎంత అని అడిగింది. నా గుడ్డ ముందుకు వచ్చి నిలబడిపోయింది. చెప్పులు విడిచింది. "గోవిందా! గోవింద! ఏడుకొండలూ ఎంత సక్కంగా తెచ్చినావే బంగారు తల్లీ. పైన తెల్లంగా, అద్దో, గోపురం గూడా," అని రెండు చేతులూ జోడించి, కొప్పులోని పూలు తుంచి గుడ్డ కింద పెట్టింది. నేను అవ్వా, అవ్వా అంటూనే ఉన్నాను. ఆమెకు సరిగ్గా వినబడదు. వెనక వచ్చినవాళ్ళకు పూలు కనబడ్డాయి, విడిచిన చెప్పులు కనబడ్డాయి. మా ఊళ్ళో ఇంతకన్నా సాక్ష్యం ఎవరికి కావాలి? వాళ్ళూ చెప్పులు విడిచారు. కాసేపటికి నా గుడ్డ ముందు చిన్న లైను తయారైంది. ఎవరో పిల్లవాణ్ణి ఎత్తుకుని చూపిస్తున్నారు. రబ్బరు సారు మూలన నిలబడి మీసాలు నిమురుకుంటూ, అటువైపు చూడకుండా జాగ్రత్తపడుతున్నారు. ఏడాదంతా నేను పడ్డ పాట్లకు ఫలితం ఇదా అని నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అప్పుడే వచ్చాడు నాయన. డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా, నేరుగా బస్సు దగ్గరనుంచి వచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తువ్వాలు భుజాన ఉంది. లైన్లో తన వంతు వచ్చేదాకా ఆగి (లైను తప్పితే ఆయన సహించడు), గుడ్డ ముందు నిలబడి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. చాలాసేపు పెట్టుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "నేను ఏమో అనుకుంటి పాపా. స్వామి కొండనే నేసినావే. ఇంక నిన్ను ఒక్క మాట అనను. నీకు ఎంతవరకు కావాల్నో అంతవరకు సదువుకో పో," అన్నాడు.

ఏడాదంతా నేను ఎదురుచూసింది ఆ మాటకోసమే. అది వచ్చాక నాకు సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది. ఆయన మెచ్చుకున్నది నేను నేయని దాన్ని. రోజూ గడపలో కూర్చుని నేను చూసిన మనిషి నా ఎదురుగా నిలబడి, తనను తాను గుర్తుపట్టకుండా తనకే దండం పెట్టుకున్నాడు. నోరు విప్పితే చదువు పోతుంది, విప్పకపోతే నేను నేసిన నాయన కొండగానే మిగిలిపోతాడు. ఏం చేయాలో తేల్చుకునేలోపల మార్కులు వేయడానికి వేరే ఊరినుంచి వచ్చిన మేడం మా దగ్గరికి వచ్చారు. ఆమెకు గుడ్డ బాగా నచ్చినట్టే ఉంది. "ఈ ఊరి అమ్మాయివేనా? ఏడుకొండల పేర్లు వినడమే గానీ నాకు ఏది ఏదో తెలియదు. వరసగా చెప్పు చూద్దాం," అని కలంతో ఎడమవైపు చివర చూపించారు. ఏడుకొండల పేర్లు మా ఊళ్ళో నడక రాకముందే వచ్చేస్తాయి. అవన్నీ నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. "ఇదేది?" అన్నారు మేడం.

"అది... పాదాలు మేడం," అన్నాను.

"శ్రీవారి పాదాలా!" అన్నారు ఆమె భక్తిగా.

"కాదు మేడం. మా నాయనవి. పక్కన ఉండేది మోకాలు. ఈ పెద్దది పొట్ట. అది గోపురం కాదు, తువ్వాలు. మా నాయన పగలు పడుకుంటాడు మేడం," అని ఒక్క గుక్కలో అనేసి ఏడ్చేశాను.

పక్కింటి అవ్వకు అమ్మ చెవిలో అరిచి చెప్పింది. అవ్వ వంగి తన పూలు తీసుకుని, మళ్ళీ కొప్పులో పెట్టుకోవచ్చో లేదో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది. నాయన టపటపా లెంపలు వేసుకున్నాడు. మొదటిసారి స్వామికోసం. గుడ్డను మళ్ళీ ఒకసారి చూసి, ఇందాకటి దండం ఎవరికి చేరిందో అర్థమయ్యాక, ఇంకోసారి. తర్వాత గుడ్డకు బాగా దగ్గరగా వెళ్ళి నిలబడ్డాడు. ఇప్పుడు దండం లేదు, కళ్ళు తెరుచుకుని చూస్తున్నాడు. పాదాలనుంచి మొదలుపెట్టి తలదాకా, మళ్ళీ తలనుంచి పాదాలదాకా. బీఈడీ ఖాయమని నేను అనుకున్నాను.

"నేను ఇట్లా పండుకుంటానా?" అన్నాడు.

"అవును నాయనా."

"నేను నిద్రబోతా ఉంటే నువ్వు యాడుంటావు?"

"గడపలో."

"దినామూనా?"

"దినామూ."

నాయన గుడ్డ ఎదురుగా ఉన్న కుర్చీలో, "రవంత కూర్సుంటా," అని కూర్చున్నాడు. రాత్రంతా మేలుకున్న మనిషి. తల పక్కకు వాలింది. చెయ్యి అలవాటుగా భుజంమీది తువ్వాలు తీసి కళ్ళమీద వేసుకుంది. కాళ్ళు ముడుచుకున్నాయి. చూస్తుండగానే నిద్రపోయాడు. మేడం కుర్చీవైపు చూశారు, గుడ్డవైపు చూశారు, మళ్ళీ కుర్చీవైపు చూశారు. హాల్లో అందరూ అట్లాగే చూశారు. అమ్మ అలవాటు కొద్దీ పెదాలమీద వేలు పెట్టింది. అంతే, ప్రదర్శన మొత్తం గుసగుసల్లోకి దిగిపోయింది. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచారు జనం. మామిడికాయ పిల్ల తన మామిడికాయ గురించి సైగలతో చెప్పుకుంది. మేడం నా చెవి దగ్గరికి వంగి, "మనిషిని బాగా చూశావమ్మా. నేత మాత్రం చాలా వదులు. చట్రం గట్టిగా ఎందుకు కొట్టలేదు?" అన్నారు. రబ్బరు సారు ఏడాదిగా అడుగుతున్న ప్రశ్న అది. నాకు కూడా జవాబు అప్పుడే తెలిసింది.

"మా నాయన లేస్తాడని మేడం," అన్నాను మెల్లగా.

నేతకు ఆమె బొటాబొటి మార్కులు వేశారు. నేను పాసయ్యాను. కానీ నాకు కావలసిన తీర్పు ఆమె చేతిలో లేదు, కుర్చీలో గురక పెడుతోంది. అందరూ వెళ్ళిపోయి, గోడలమీదవన్నీ దించి, అటెండరు తలుపులు మూయడానికి వచ్చి కూడా నాయన్ను చూసి వెనక్కి తగ్గాక, పొద్దు వాలుతుండగా ఆయన లేచాడు. నేను గుడ్డ చుట్టి చంకలో పెట్టుకున్నాను. ఇద్దరం బస్టాండు దాకా నడిచాం. కొండకు పోయే బస్సు వచ్చి ఆగాక, డ్యూటీకి ఎక్కబోతూ, నావైపు చూడకుండా అన్నాడు. "మళ్ళా ఏడు నేను మేలుకొనుండేటప్పుడు నేయి పాపా. పండుకొనుండేటప్పుడు మనిషి ఎట్లుంటాడో ఏమో."

ఇప్పుడు నాయన రిటైరయ్యాడు. పగలంతా మెలకువే. మిక్సీ వేస్తే ఆయనే వచ్చి మూత పట్టుకుంటాడు. నేను మగ్గం మీద గట్టిగానే కొడతాను, పిల్లలకు కొట్టడం నేర్పిస్తాను, ఆ గడపలో కూర్చున్న పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. అంత దిగులు దేనికే పిచ్చిదానా అని అడగాలనిపిస్తుంది. సెలవు దొరికినప్పుడల్లా నాయన్ను వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి కాగితం తీస్తాను. ఆయన చొక్కా గుండీలు సర్దుకుని, ఇంత పెద్ద కళ్ళు చేసుకుని నన్నే చూస్తాడు. అంతలోనే వీధిలో ఎవరో పోతుంటే పలకరిస్తాడు, లేచిపోయి గేటు వేసివస్తాడు, వచ్చి కూర్చుని "అయిపోయిందా?" అంటాడు. ఇంతవరకు ఒక్క బొమ్మ కూడా పూర్తి కాలేదు. ఇంకొంచెంసేపు కదలకుండా ఉండు నాయనా, అంటాను. ఉండడు.